పద్దెనిమిది పాత కంప్యూటర్లు, ఒక్క బావ

మా బావను "ఏ ల్యాప్‌టాప్ కొంటే మంచిది?" అని అడగాలంటే ముందు ఆ పూటకు సెలవు పెట్టుకోవాలి. నేను ఒకసారి అడిగి, నిలబడ్డ చోటే గంటన్నర నిలబడ్డాను. బ్యాటరీని జిగురుతో అతికించేవాళ్ల దగ్గర మొదలుపెట్టి, మెమరీని బోర్డుకే టంకం వేసేవాళ్లను తిట్టి, "మీ కోసం మెరుగుపరిచాం" అంటూ నిన్న ఎడమవైపున్న బటన్‌ను తెల్లారేసరికి కుడివైపు పెట్టే సాఫ్ట్‌వేర్‌వాళ్లను దులిపి, చివరికి ప్రభుత్వం దగ్గర తేలారు. ల్యాప్‌టాప్ పేరు మాత్రం చెప్పలేదు. నేను కొననూ లేదు.

ఆయన మా అక్క భర్త. కళ్లజోళ్ల దుకాణానికీ జిరాక్స్ దుకాణానికీ మధ్య, మెట్ల కింద ఆయన రిపేరు షాపు. ఇద్దరు లోపలికి వస్తే మూడో మనిషి బయట నిలబడాల్సిందే. బల్ల మీద రబ్బరు చాప, ఒక భూతద్దపు దీపం, వారంలో రోజుకో గడి చొప్పున ఉండే మందుల డబ్బా. ఆ గడుల్లో సైజుల వారీగా స్క్రూలు వేసుకుంటారు. "ఆ గురువారం స్క్రూ ఒకటి ఇటివ్వమ్మా" అంటే మొదటిసారి వచ్చినవాళ్లు ఈయనకు ఏమైనా తేడానా అని చూస్తారు.

ఏ పార్టీ మనిషీ కాదు. పోలింగ్ రోజున అందరికంటే ముందు వెళ్లి వరుసలో నిలబడతారు. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి గెలిచినవాళ్లను తిట్టడం మొదలుపెడతారు, తను ఓటు వేసినవాళ్లనైనా సరే. "మనం వేశాం కాబట్టే గట్టిగా అడగాలి" అంటారు. ఆ పోరు పడలేక మా అక్క, కంచాలు కడగడం అయ్యేదాకా ఇంట్లో రాజకీయాల మాట ఎత్తకూడదని కట్టడి చేసింది. అప్పటి నుంచి కంచాలు ఆయనే ఆదరాబాదరాగా కడిగేస్తున్నారు.

కంప్యూటర్ అయినా, సాఫ్ట్‌వేర్ అయినా, పార్టీ అయినా ఆయన వేసే ప్రశ్న ఒక్కటే: చెడిపోయిన రోజున మూత తీసి చూడనిస్తారా, లేదా? చూడనిస్తే నమ్మవచ్చు. చూడనివ్వకపోతే ఎంత మెరిసినా వద్దు. పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రిలో ఎవరినైనా పలకరించడానికి వెళ్లినా ఈ మాట ఎక్కడో ఒకచోట ఇరికించకుండా తిరిగి రారు. మా ఇంట్లో అందరికీ ఇది కంఠతా వచ్చు.

ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి నేను పెద్దగా విసుక్కోను. ఈ షాపు పెట్టకముందు ఆయన ఆఫీసుల్లో టైపు మిషన్లు బాగుచేసేవారు. ఒక ఏడాదిలో అన్ని ఆఫీసుల వాళ్లూ టైపు మిషన్లను తెచ్చి వరండాల్లో పడేశారు. వాటితోపాటు బావకూ పని పోయింది. ముప్పై అయిదు దాటిన మనిషికి కొత్త విద్య ఏం అబ్బుతుందని సొంతవాళ్లే అన్నారు. ఆయన ఒక పాడైపోయిన కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకుని, పదకొండు నెలల పాటు విప్పుతూ, బిగిస్తూ తనంతట తనే నేర్చుకున్నారు. ఇవన్నీ నవ్వుతూనే చెబుతారు గానీ, ఆ వరండా సంగతి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోతుంది.

ఆయనకు ఒక అలవాటు ఉంది. బాగుచేసిన ప్రతి మిషన్‌లోనూ 'కేస్ షీట్' అని ఒక పేజీ టైపు చేసి, తెర వెలగగానే కనబడేలా పెడతారు. రోగం ఏమిటి, ఏం మార్చారు, ఇకముందు ఏం జాగ్రత్త తీసుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. అడుగున 'నా అభిప్రాయం' అని ఒక పేరా. అందులో ఎవరికి ఎన్ని అక్షింతలు పడతాయో ఆ పూట ఆయన మూడ్‌ను బట్టి ఉంటుంది.

ఇక నా సంగతి. నేను మునిసిపల్ లైబ్రరీలో లైబ్రేరియన్‌ని. వెనక గదిలో పద్దెనిమిది కంప్యూటర్లు ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లందరికీ ఆ గదే దిక్కు. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునేవాళ్లు, చదువుకునే పిల్లలు, టైలరమ్మ. టైలరమ్మకు అరవై దాటాయి. ఏడో నంబరు మిషన్ ముందు కూర్చుని, స్కూళ్ల యూనిఫాంలు కుట్టే పనికి దరఖాస్తులు పంపుకుంటుంది. మొన్నామధ్య ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఈ పాత మిషన్లలో ఎక్కదు కాబట్టి, వచ్చే ఒకటో తేదీ నుంచి గది మూసేసి వీటిని తుక్కుకు పంపాలట. కొత్తవి నిధులు వచ్చాక ఇస్తారట. నిధులు వచ్చాక అంటే ఎప్పుడో ఆఫీసు కాగితాలు చదివే అలవాటున్న ఎవరికైనా తెలుసు.

ఆ కాగితం బావకు చూపించాను. రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"తుక్కా? వీటికేం రోగం వచ్చిందట?"

"ముసలివయ్యాయట బావా."

మర్నాడు షాపుకు తాళం వేసి లైబ్రరీకి వచ్చేశారు.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టిన కౌన్సిలర్ గారి కాళ్లావేళ్లా పడి, మూసే ముందు ఒక్కసారి వచ్చి చూస్తానని మాట తీసుకున్నాను. బావకు తొమ్మిది రోజులు దొరికాయి. ఫ్యాన్లలో దుమ్ము దులిపి, తన దగ్గరున్న పాత మెమరీ ముక్కలు వేసి, ఉచితంగా దొరికే, లోపల ఏముందో ఎవరైనా చూసుకోగలిగే సిస్టమ్ ఒకటి ఎక్కించారు. తన పని ఆగిపోయిందని రెండు రోజులు గుమ్మంలో నిలబడి విసుక్కున్న టైలరమ్మ, మూడో రోజు లోపలికొచ్చి బావ పక్కన స్టూలు వేసుకుంది. "అదేంటి తమ్ముడూ? ఇదెందుకు?" అంటూ ఆయన ప్రాణం తీసింది. వినేవాళ్లు దొరికిన ఆనందంలో బావ అన్నీ చెప్పారు.

అనుకున్న రోజున పదకొండింటికి కౌన్సిలర్ గారు వచ్చారు. రాజకీయాల్లోకి రాకముందు ఇరవై రెండేళ్లు నర్సుగా చేసిన మనిషి. గదంతా ఒకసారి కలయజూసి, ఏడో నంబరు దగ్గర కూర్చుని స్విచ్ వేశారు. ముప్పై సెకన్లలో తెర వెలిగింది. నేను పొంగిపోయాను. బావ ముఖం మాత్రం అప్పుడే పాలిపోయింది.

మొదటి రోజు ఒక మిషన్ తయారుచేసి, దాన్నే మిగతా పదిహేడింటిలోకీ కాపీ చేశారు బావ. ఆ మొదటి రోజు కోపంలో రాసిన కేస్ షీట్ కూడా అన్నింటిలోకీ వెళ్లి కూర్చుంది. ఆవిడ దాన్ని తెరిచారు. నర్సు అలవాటు కాబోలు, పైకే చదివారు.

"రోగం: ఏమీ లేదు. చికిత్స: దుమ్ము దులపడం. నా అభిప్రాయం: ఈ గది మూయమన్న కౌన్సిలర్‌కు కంప్యూటర్ల గురించి తెలియదు, తెలుసుకోవాలని లేదు. అడిగినా జవాబు చెప్పే రకం కాదు."

నాకైతే భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"కేస్ షీట్ బాగానే రాశారు" అన్నారావిడ. "ఇంతకీ నన్ను ఎప్పుడు అడిగారు?"

బావ నోరు తెరిచి, మూసుకున్నారు. అక్కతో పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయనకు మాట దొరక్కపోవడం నేను చూడటం అదే మొదలు.

"అడగలేదండీ" అన్నారు చివరికి. "మూత తీసి చూడకుండానే రాసేశాను. తప్పు నాదే."

"అయితే ఇప్పుడు అడగండి."

"ఎందుకు మూయమన్నారు?"

"ఇక్కడ జనం బ్యాంకు వివరాలు కొడతారు. రక్షణ లేని పాత సాఫ్ట్‌వేర్‌తో ఎవరి డబ్బయినా పోతే, సంతకం పెట్టిన నన్ను అడుగుతారు."

అది న్యాయమైన మాటేనని బావ ఒప్పుకున్నారు. కొత్త సిస్టమ్‌కు రక్షణ అప్‌డేట్లు పైసా ఖర్చు లేకుండా ఎలా వస్తాయో ఆవిడ పక్కన నిలబడి చూపించారు. ఆవిడ శ్రద్ధగా చూసి, తల పంకించి, ఇంకో ప్రశ్న వేశారు.

"బాగుంది. మరి మీకు జ్వరం వస్తే? మీరు లేని రోజున వీటిని ఎవరు విప్పుతారు? ఒక్క మనిషి మీద ఆధారపడ్డ గదికి నేను ఎలా సంతకం పెట్టను?"

పద్దెనిమిది మిషన్లూ చేజారినట్టే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపు వచ్చింది.

"నేను విప్పుతా" అంది టైలరమ్మ, గుమ్మం దగ్గర నుంచి. "నలభై ఏళ్లుగా నా కుట్టుమిషన్ నేనే విప్పుకుంటున్నా. ఇందులో అంత బ్రహ్మవిద్యేముంది? మీరు కాస్త లేవండమ్మా, అది నా మిషన్."

కౌన్సిలర్ గారు లేచారు. టైలరమ్మ మిషన్ ఆపి, వైరు పీకి, పక్క పలక విప్పి, మెమరీ ముక్క బయటికి తీసి, దాని పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టి స్విచ్ వేసింది. మిషన్ మూడుసార్లు కూసింది. తెర వెలగలేదు.

బావ ఒక అడుగు ముందుకు వేశారు. లోపం ఏమిటో ఆయనకు తెలుసు. ఒక్క వేలితో నొక్కితే సరిపోయేదని తర్వాత నాతో చెప్పారు. కానీ ఆ అడుగు దగ్గరే ఆగిపోయి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నారు. కిక్కురుమనలేదు. మా బావ!

టైలరమ్మ తొణకలేదు. "సరిగ్గా కూర్చున్నట్టు లేదు" అని తనలో తను అనుకుని, మళ్లీ వైరు పీకి, ముక్కను రెండు బొటనవేళ్లతో నొక్కింది. టక్‌మంది. స్విచ్ వేసింది. తెర వెలిగింది. ఆమె ఎవరివైపూ చూడకుండా, సగంలో ఆపిన దరఖాస్తు తెరిచి నింపుకోసాగింది.

కౌన్సిలర్ గారు ఆమె వెనకే నిలబడి కాసేపు చూశారు. తర్వాత నా చేతిలోని కాగితం తీసుకుని, మూసివేత అన్న పంక్తిని కొట్టేసి సంతకం పెట్టారు. ఆరు నెలల్లో టైలరమ్మలాంటివాళ్లు మరో నలుగురు తయారవ్వాలన్నది షరతు. అది వింటూనే, ముందు వరుసలో కూర్చున్న చదువుకునే పిల్లల్లో ఇద్దరు చేతులెత్తారు.

బావ వరండాలోకి వెళ్లి అక్కకు ఫోన్ చేశారు. కిటికీలోంచి నాకు ఆయన వీపే కనబడుతోంది. టైపు మిషన్లతోపాటు తననూ తీసి అవతల పెట్టినందుకు ఇన్నేళ్లూ లోలోపల కుమిలిపోయిన మనిషి, ఫోన్‌లో చిన్నపిల్లాడిలా అరుస్తున్నారు.

"విన్నావా? ఇక మీదట నేను లేకపోయినా నడుస్తాయటే!"