సారు పెట్టెకు మా అత్త వేసిన ప్రశ్న

డెబ్బైల్లో బాన్సువాడలో మా ముందరి గది కిరాయికి తీసుకున్న కాలువల ఇంజనీరు సారు, సెలవు దొరికితే బొంబాయి వెళ్లి జాజ్ రికార్డులు కొనుక్కొచ్చేవాడు. అందులోనూ వరసంటూ లేని కొత్తరకం. రికార్డులు పాడే పెట్టెలో ముల్లు దించేముందు ఊపిరి బిగబట్టి మంచంపట్టె గట్టిగా పట్టుకునేవాడు. అది చూస్తేనే కొత్తకోడలినైన నాకు గుండెదడ.

ఒక ఆదివారం పొద్దున సాక్సఫోన్ గొంతు చించుకుని ఏడ్చినట్టు అరిచింది. సారుకు పూనకమొచ్చిందనుకుని మా అత్త పసుపునీళ్ల చెంబు, వేపరెమ్మ పట్టుకుని ఆ గదిలోకి నడిచింది. ఆమె కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. సారు కదలకుండా కూర్చున్నాడు. అరుస్తున్నది పెట్టె. అమ్మవారు పూనినవాళ్లను అడిగినట్టే అత్త దాన్ని అడిగింది.

"ఎవరు తల్లీ నువ్వు? ఏం గావాలె నీకు?"

సరిగ్గా అప్పుడే రికార్డు అయిపోయింది. ముల్లు గీరుకుంటున్న చప్పుడొక్కటే మిగిలింది. నేను అత్త కొంగు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"నేను గూడ గదే అడుగుతున్ననవ్వా, ఎన్నేండ్ల సందో," అన్నాడు సారు, పట్టె వదలకుండా. "చెప్తలేదు."

నవ్వుతూ అని ఉంటే నా భయం పోయేదేమో. ఆయన నవ్వలేదు.

అత్త రెమ్మను చెంబులో ముంచి, పెట్టెను వదిలేసి ఆయన వైపు తిరిగింది. ఆయన తల వంచాడు.