మైమూనా మోకాళ్ళ నొప్పి

మైమూనాకు మోకాళ్ళ నొప్పులని నంద్యాలలో వాళ్ళ వీధి వీధంతా తెలుసు. ఎవరింటికి పోయినా ముందు కుర్చీ చూపిస్తారు. పెళ్ళిళ్ళలో అందరికీ కింద చాపలు పరిచినా ఆమెకు మాత్రం స్టూలు తెచ్చి వేస్తారు. ఆ మోకాళ్ళకు ఏ జబ్బూ లేదని తెలిసినవాడు ఒక్కడే ఉండేవాడు. అతను ఆమె మొగుడు జిలాని. పోయిన మార్చిలో కన్నుమూశాడు.

నిజానికి ఆమెది చిన్నప్పటినుంచీ సుడిగాలి నడక. పుట్టింది ఆళ్ళగడ్డలో, పరుపులు కుట్టే దూదేకుల ఇంట్లో. వాళ్ళ నాయన కుట్టిన పరుపును చుట్టి నెత్తిన పెడితే ఎక్కడా దించకుండా ఊరి ఆ కొసకు చేర్చి వచ్చేది. పెళ్ళయి నంద్యాలకు వచ్చాక కూడా దిండ్లు, పరుపులు కుట్టి తనే మోసుకుపోయి ఇచ్చేది. ఆటో ఎక్కమంటే "దేవుడు కాళ్ళు ఊరికే ఇచ్చినాడా" అనేది. కాళ్ళెంత చురుకో నోరూ అంతే. కోడలి నోట్లో నువ్వుగింజ నానదని అత్తగారు చెప్పుకునేది, అందులో అబద్ధమేమీ లేదు. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి మధ్యాహ్నానికల్లా వీధి చివరిదాకా పోయేది. అలాంటి మనిషి చేత ఇంత పెద్ద మాట దాపించిన దేవుణ్ణి ఏమనాలో నాకైతే తెలియదు.

జిలాని ఇరవై ఎనిమిదేళ్ళు బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టాడు. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని పోయేవాడు, సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడి వచ్చేవాడు. "పిండి మరలో పడి వచ్చినావా" అని మైమూనా ఎగతాళి చేసేది. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడమే అతనికి తెలిసిన జాగ్రత్త. దగ్గు ఉండేది. ఆ పని చేసే అందరికీ ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అతని తమ్ముడు షాహిద్ జెద్దాలో డ్రైవరు. ఏటా రమ్మని పిలుస్తూనే ఉంటాడు, ఏటా జిలాని "చూద్దాంలే" అంటూనే ఉంటాడు. కిందటేడు జనవరి సెలవులకు మాత్రం ఒక్క మాటకే సరేనన్నాడు. ఇదేమి వింత అని మైమూనాకు తోచింది గానీ, చెక్కిలాలు వండటంలో, పెట్టెలు సర్దటంలో పడి ఆ ఆలోచన వదిలేసింది. కూతురు ఆయేషా నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. కొడుకు తౌసీఫ్‌కు పదహారేళ్ళు. నలుగురూ బయల్దేరారు.

ముందు మక్కాకు పోయి ఉమ్రా యాత్ర చేసుకున్నారు. ఆ జనంలో అందరూ మెల్లగానే నడుస్తారు కాబట్టి జిలాని మెల్లగా నడవడం ఎవరికీ కనబడలేదు. మూడో రోజు షాహిద్ "ఈ పొద్దు కొండ ఎక్కుదాం" అన్నాడు. మక్కా పక్కనే ఉండే నూర్ కొండ. ప్రవక్తకు దైవవాక్కు మొదటిసారి దిగిన హిరా గుహ దాని కొసన ఉంది. దాన్ని ఎక్కి తీరాలన్న నియమమేమీ లేదు, ఓపిక ఉన్నవాళ్ళు ఎక్కుతారు. జిలానికి మాత్రం అది జీవితాశ. ఆయేషాను ఒళ్ళో కూచోబెట్టుకుని ఆ గుహ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఎప్పటికైనా అక్కడ నిలబడి నమాజు చేసుకోవాలని అనేవాడు.

చపాతీలు, కోడిగుడ్డు వేపుడు, ఫ్లాస్కులో టీ పెట్టుకుని పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టారు. చలిగాలి హాయిగా ఉంది. తౌసీఫ్ ఫోన్లో వీడియో తీస్తూ ముందు పరుగెత్తాడు. మైమూనా చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కొండ తన పుట్టింటి వీధి అన్నట్టు ఎక్కుతోంది. జిలాని మాత్రం ఇరవై మెట్లకోసారి ఆగి మెట్టును పరీక్షగా చూస్తున్నాడు.

"ఈ మెట్టుకు వాటం ల్యా. వాన పడితే నీళ్ళు ఈడ్నే నిలబడతాయి," అన్నాడు.

"నాయనకు యాడికి పోయినా బండలే," అని ఆయేషా నవ్వింది.

మరికొంత పైకి పోయాక ఆగి, ఈ రాయి పాలిషుకు పనికిరాదన్నాడు. ఇంకోసారి చెప్పు వారు సరిచేసుకున్నాడు. నాలుగోసారి కొండకు చెయ్యి ఆనించి నిలబడ్డప్పుడు మైమూనా వెనక్కి తిరిగి చూసింది. అతను రాయిని చూడటం లేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. దగ్గరికి పోతే ఛాతీలోంచి సన్నగా ఈల వినబడింది.

పైనుంచి ఆయేషా పిలిచింది. "నాయనా, బేగా రా. ఇంగ సగం కూడా కాల్యా."

జిలాని కళ్ళు తెరిచి భార్యను చూశాడు. ఆ చూపులో ఒక్కటే ఉంది, పిల్లల ముందు పడిపోతానేమోనన్న భయం. మైమూనా ఏమీ ఆలోచించలేదు. ఉన్నపళాన మెట్టు మీద చతికిలబడి మోకాలు పట్టుకుంది.

"అయ్యో, నా మోకాలు పట్టేసింది. నేను ఎక్కల్యాను."

పిల్లలు దిగివచ్చారు. అమ్మ కాలు నొవ్వడమేమిటని తౌసీఫ్‌కు నమ్మకం కలగలేదు. షాహిద్ "పర్వాల్యా వదినా, నువ్వు ఈడ కూచో, మేం పోయొస్తాం" అన్నాడు.

ఆయేషా తండ్రి చెయ్యి పట్టుకుంది. "రా నాయనా. ఇన్నేండ్లు ఈ గుహ గురించే గదా చెప్పుకుంటాంటివి. అమ్మ ఒక గంట కూచుంటాదిలే."

మైమూనాకు వేరే దారి లేకపోయింది. "ముక్కూ మొగం తెలీని ఊర్లో నన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోతారా మీరంతా? నాకేమన్నా అయితే ఎవురు చూస్తారు?" అని గట్టిగా ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయేషా మొహం సిగ్గుతో, కోపంతో ఎర్రబడింది.

"మీరు పోయి రాండి. నేను మీ అమ్మ కాడ ఉంటా," అన్నాడు జిలాని. అంత చిన్న మాటకే అతనికి రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఆయేషా అప్పటికే తల తిప్పేసుకుంది.

వాళ్ళు మలుపు తిరిగాక జిలాని ఆమె పక్కన కూలబడ్డాడు. చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. కింద ఊరంతా ఎండలో మెరుస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"మూడు నెలలాయ. కర్నూల్లో ఛాతీ ఫొటో తీపిచ్చినా. లోపలంతా రాతి పొడేనంట."

"బాగయితాదా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "ఏడాది, ఏడాదిన్నర అన్న్యాడు డాక్టరు."

"నాకు చెప్పల్యా నువ్వు."

"చెప్తే నన్ను ఈడికి రానిస్తాంటివా?" ఊపిరి అందుకుని మళ్ళీ అన్నాడు. "పిల్లకు చెప్పాకు మే. దానిది ఆసుపత్రి చదువు. తెలిస్తే పుస్తకాలు మూసి నా మంచం కాడ కూచుంటాది. పరీక్షలు కానీ."

మైమూనా తల ఊపింది. ఇద్దరూ చపాతీలు విప్పారు గానీ తినకుండానే మళ్ళీ చుట్టేశారు. జిలాని ఆ మెట్టు మీదే, కూచునే, నమాజు చేసుకున్నాడు. గుహ మాత్రం ఆ మెట్టు మీదినుంచి కనబడలేదు.

అబద్ధం ఆడటం ఒక్క నిమిషం పని, దాన్ని సాకడం జన్మంతా పని. నంద్యాలకు వచ్చాక ఆమె కుంటక తప్పలేదు. తౌసీఫ్ మోకాలి పట్టీలు కొనుక్కొచ్చాడు. జిలాని రోజూ తలుపేసి నువ్వులనూనెతో ఆమె మోకాళ్ళు రుద్దేవాడు. "దిట్టంగా ఉండాయి మే, పందెం పరుగుకు పంపొచ్చు" అనేవాడు. ఇద్దరూ నవ్వు బయటికి వినబడకుండా నోళ్ళు మూసుకునేవాళ్ళు. నవ్వు సగంలో ఉండగానే అతనికి దగ్గు తెర వచ్చేది. పరుపులు మోసే పని పోయింది. చచ్చుకాళ్ళ నడక నడవలేక ఆమె నరకయాతన పడింది.

దీపావళి దాటాక జిలాని మంచమెక్కాడు. ఇక దాచడానికి వీల్లేకపోయింది. ముందెప్పుడైనా ఛాతీ ఫొటో తీయించారా అని ఆయేషా గుచ్చి గుచ్చి అడిగితే, లేదన్నారు ఇద్దరూ. కర్నూలు కాగితాలను మైమూనా అంతకుముందే పొయ్యిలో పెట్టేసింది. జబ్బు కొత్తగా వచ్చిందనే పిల్లలు నమ్మారు. ఆయేషా రాత్రింబవళ్ళు సేవ చేసింది. ఒక్క నర్సు కాదు, పదిమంది చేసేంత చేసింది. మార్చిలో, పరీక్షలు ఇంకా రెండు నెలలుండగా, జిలాని పోయాడు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయింది. ఆళ్ళగడ్డ చుట్టాలు భోంచేసి బస్సెక్కారు. ఆయేషా తౌసీఫ్ ఫోన్లో ఆ కొండ ఫొటోలు చూస్తూ గడపలో కూచుంది. గుహ ముందు షాహిద్, తను, తమ్ముడు ఉన్నారు. ఈ నలభై రోజుల్లో ఆ పిల్ల ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు.

"ఆ పొద్దు నాయన బాగుండ్య గదమ్మా," అంది, తలెత్తకుండానే. "ఇంగొక అరగంట ఎక్కింటే చూసేటోడు. నీ కోసరం నిలబడిపాయె. ఒక్క గంట నువ్వు ఒక్కదానివే కూచోనుంటే ఏమయ్యేది?"

మైమూనా నాలుక చివరిదాకా వచ్చింది మాట. చెప్పేస్తే తన బరువు దిగిపోతుంది. కానీ ఆ పిల్ల ఆ తర్వాత ఏమి అడుగుతుందో ఆమెకు తెలుసు. నర్సు చదువు చదువుతూ, నాయన చెయ్యి పట్టుకుని కూడా, ఆ ఈల నాకెందుకు వినబడలేదని అడుగుతుంది. దానికి జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అమ్మ మీది కోపం ఎన్నటికైనా చల్లారుతుంది, తన మీద తనకు పుట్టిన కోపం ఆ పిల్లను బతికున్నన్నాళ్ళూ తింటుంది.

"ఔనమ్మా. నాదే తప్పు. కూచోని ఉండాల్సింది," అంది మైమూనా.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆయేషా భోరుమంది. ఫోను పక్కన పడేసి, మొహం కప్పుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. పరుగెత్తుకుపోయి బిడ్డను గుండెకు హత్తుకోవాలని మైమూనా ప్రాణం కొట్టుకుంది. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. గడపదాకా ఉన్న నాలుగడుగులూ కుంటుతూనే నడిచింది.