పసుపు చుక్క

ఆయన్ని అందరూ చుక్క మేస్త్రి అంటారు. స్టీరింగు పనిలో చెయ్యి తిరిగినవాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ రేకుల షెడ్డులో పాత బండ్ల కింద పడుకుని వీపు అరగదీసుకున్నాడు. తను బిగించిన ప్రతి మర మీదా, అది కూర్చున్న చోటు మీదా కలిసేలా ఒక పసుపు రంగు చుక్క పెడతాడు. మర కాస్త తిరిగినా చుక్క రెండు ముక్కలవుతుంది. ఎవడో కెలికాడని ఇట్టే తెలిసిపోతుంది. బండి షెడ్డులోకి రాగానే ఏమైందని అడగడు. "చివరగా దీని మీద చెయ్యేసిందెవరు?" అంటాడు. ఎవరో తేలితే, ఏమిటో దానంతటదే తేలుతుందని ఆయన నమ్మకం.

ఈ జబ్బు షెడ్డుతో ఆగితే బాగుండేది. ఎవరింటికి వెళ్ళినా కుర్చీని రెండుసార్లు ఊపి చూసి గానీ కూర్చోడు. ఇంట్లో తలనూనె సీసాకి కూడా చుక్క పెట్టాడు. ఆయన భార్య కొత్తలో నవ్వుకుంది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత ఆ చుక్కని తుడిచి తనకి నచ్చిన చోట పెట్టడం నేర్చుకుంది. మేస్త్రికి ఇప్పటికీ తెలియదు.

ఆయన అనుమానించని మనుషులు ఈ భూమ్మీద ఇద్దరే ఉండేవారు, తమ్ముడూ కూతురూ. పదకొండేళ్ళ కిందట తమ్ముడు ఆ జాబితాలోంచి పోయాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి పనిచేసే రోజులవి. వాళ్ళు బాగుచేసి పంపిన ఒక లారీకి, స్టీరింగుని తేలిగ్గా తిప్పే ఆయిలు ఉండే డబ్బా దగ్గర పైపు ఊడి, స్టీరింగు బిగుసుకుపోయి, అది వెళ్ళి ఒక గేటు స్తంభాన్ని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పైపుని బిగించిన క్లిప్పు మర మీద మాత్రం చుక్క చెదరకుండా ఉంది. "నా చుక్క బాగానే ఉంది. అంటే నేను బిగించిన తర్వాత ఎవరో పైపు లాగారు. ముందురోజు ఆయిలు పోసింది నువ్వేగా?" అన్నాడు మేస్త్రి. "మర తిరగలేదు అన్నయ్యా, లోపల రబ్బరు చిక్కిపోయింది," అన్నాడు తమ్ముడు. మేస్త్రి నలుగురిలో వాణ్ణి ద్రోహి అన్నాడు. తమ్ముడు తన పానాలు గోనెసంచిలో వేసుకుని రోడ్డు దాటి, ఎదురుగానే షెడ్డు వేసుకున్నాడు. అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న బుధవారం కూతురు తన పాత వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపింది. బడిపిల్లల్ని తొమ్మిదిమందిని ఎక్కించుకుని తిప్పే వ్యాను అది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"బడి గేటు దగ్గర మలుపులో స్టీరింగు రాయిలా అయిపోయింది నాన్నా. గోడకి జానెడు దూరంలో ఆగాం. పిల్లలు ఒకటే ఏడుపు."

"చివరగా దీని మీద..."

"నువ్వే. మూడు నెలల కిందట."

"ఆ తర్వాత?"

"పోయిన వారం బాబాయి షెడ్డులో టైర్లకి గాలి పెట్టించుకున్నాను."

మేస్త్రి కళ్ళు రోడ్డు అవతలికి వెళ్ళాయి. "అదీ సంగతి," అన్నాడు.

"ఏ సంగతీ లేదు. టైర్ల దగ్గరే ఉన్నాడు, బానెట్టు ఎత్తనే లేదు. రేపటికి నువ్వు తేల్చకపోతే బాబాయికి చూపిస్తాను. ఈ బండితో పిల్లల్ని ఎక్కించుకోలేను."

"వాడి చేత ముట్టించావంటే ఇంక నా గడప తొక్కకు."

అనేశాక తనకే ఎక్కువైందనిపించింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. కూతురు కూడా ఆయన కూతురే మరి, చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

మేస్త్రి పనిలోకి దిగాడు. నేరం పట్టుకోవడానికి దిగాడంటేనే సరిగ్గా ఉంటుంది. ఆయిలుని స్టీరింగుకి తోసే పంపు బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఆయిలు డబ్బా మూత తీస్తే పైన తెల్లటి నురుగు. ఎక్కడినుంచో గాలి పీల్చుకుంటోందన్నమాట. ముందు చక్రాలు జాకీ మీద ఎత్తి, ఇంజను వేసి, ఆ గాలి పోయేలా స్టీరింగు ఈ కొసనుంచి ఆ కొసకి ఇరవైసార్లు తిప్పాడు. నురుగు తగ్గింది, కాసేపటికి మళ్ళీ వచ్చింది. పంపు మూలుగుతూనే ఉంది. తమ్ముడు పంపులో ఇసుక పోశాడేమోనని దాన్ని విప్పి, ఆయిలు తెల్లగుడ్డలో వడకట్టాడు. గుడ్డ మీద ఒక్క రేణువు లేదు. వేరే పంపు బిగించినా అదే మూలుగు. బండి కింద ఎక్కడా చుక్క ఆయిలు కారలేదు. మధ్యాహ్నానికి ఆయన మొహంలో అనుమానం ముదిరి కోపమైంది. "ఆనవాలు లేకుండా చేశాడు చూడు, నా దగ్గర నేర్చుకున్నవాడేగా!" అన్నాడు పళ్ళు నూరుతూ.

"డబ్బా కింద పైపు చూడలేదు," అంది కూతురు.

"దానికి నా చుక్క ఉంది. చెదరలేదు."

"అందుకే చూడలేదా?"

ఆయన జవాబిచ్చేలోపు ఆమె ఆయిలు క్యాను తీసుకుని, నడుస్తున్న ఇంజను మీదికి వంగి, ఆ పైపు క్లిప్పు చుట్టూ కాస్త పోసింది. పంపు మూలుగు టక్కున ఆగింది. గాలి బదులు ఆ సందులోంచి ఆయిలు లోపలికి పోయింది. ఒక నిమిషం గడిచాక ఆయిలు అయిపోయి, మూలుగు మళ్ళీ మొదలైంది.

మేస్త్రి ఇంజను ఆపేశాడు. పైపు పట్టుకుని మెల్లగా లాగితే క్లిప్పుతో సహా చేతిలోకి వచ్చేసింది. రబ్బరు ఎండి, గట్టిపడి, సన్నబడింది. మర తిరగలేదు. పసుపు చుక్క నిన్న పెట్టినట్టు నిగనిగలాడుతోంది. మర కదల్లేదని చెప్పడమే దానికి తెలుసు, పట్టు ఉందో పోయిందో దానికేం తెలుసు? "రబ్బరు చిక్కిపోయింది అన్నయ్యా" అన్న గొంతు పదకొండేళ్ళ తర్వాత ఆయన చెవిలో పడింది.

"కొత్త పైపు ఉందా నాన్నా?" అంది కూతురు.

"ఈ కొలతది నా దగ్గర లేదు," అన్నాడు. అది నిజమే.

పైపు ముక్క చేత్తో పట్టుకుని రోడ్డు దాటాడు. తమ్ముడు ఒక కారు కిందనుంచి బయటికి వచ్చి, అన్నని చూసి గతుక్కుమన్నాడు. మేస్త్రి పైపు ముక్క ముందుకు చాపాడు. తమ్ముడు దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, గోటితో రబ్బరు నొక్కాడు, చుక్కని చూశాడు.

"చివరగా దీని మీద చెయ్యేసిందెవరు?" అన్నాడు తమ్ముడు.

"నేనే రా," అన్నాడు మేస్త్రి. "ఆ లారీకి కూడా నేనే."

తమ్ముడు గోడకి వేలాడుతున్న పైపుల చుట్ట దించాడు. కాలితో ఒక పాత స్టూలు అన్న వైపు జరిపాడు. మేస్త్రి దాన్ని ఊపి చూడకుండానే కూర్చున్నాడు.