కేశవన్న గొంతు

అశోకా రోడ్డు పక్క సందులో ఒక ఆంధ్రా మీల్స్ హోటలుంది. గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని లోపలికి సర్దడం చెన్నకేశవులు పని. "రాండప్పా! లోపల రెండు సీట్లున్నాయి. ఒరే, సాంబారు ఇటు!" అని అరిచాడంటే వంటింటి గిన్నెల మోత కూడా దాని కింద అణిగిపోయేది. నంద్యాల దగ్గర పుట్టిన ఆ గొంతు ఇన్నేళ్ల ఢిల్లీలో రవ్వంత మెత్తబడలేదు.

దీపావళికి అది బొంగురుపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ పొగలో ఎవరి గొంతు బాగుంటుంది గనక? మిరియాల పాలు తాగాడు, అల్లం నమిలాడు. "ఏం కేశవన్నా, కప్పను మింగినావా?" అని సర్వర్లు నవ్వితే తనూ నవ్వాడు. పొగ పోయింది, ఎండలొచ్చాయి, బొంగురు మాత్రం పోలేదు. ఆసుపత్రిలో గొంతులోకి కెమెరా దించి చూసిన డాక్టరు, స్వరపేటిక లోపల గడ్డ ఉందన్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపాలి. చెడ్డదని తేలితే స్వరపేటికే తీసేయాల్సి రావచ్చు.

మత్తిచ్చి ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నారు.

మెలకువ వచ్చేసరికి మంచం పక్కన కూతురు హాసిని ఉంది. కాలేజీ పిల్ల. వాళ్లమ్మ ఉష డెహ్రాడూన్ మనిషి, ఇంట్లో హిందీయే. తెలుగు ఒక్క చెన్నకేశవులు నోట్లోనే ఉంది. డ్యూటీ దిగి రాగానే "తింటివా మ్మా?" అని తను అడగడం, "హా పాపా, ఖా లియా" అని, తిన్నానని పిల్ల హిందీలో విసుక్కోవడం. తండ్రీకూతుళ్ల మధ్య ముద్దూ మురిపెం అంతా అదే.

పిల్ల ముఖం పీక్కుపోయి ఉంది. పొద్దున్నుంచీ థియేటర్ బయటే కూర్చున్నట్టుంది. చెన్నకేశవులు సైగ చేసి పెన్ను తీసుకుని, మందుల చీటీ వెనక రాశాడు: తింటివా?

హాసిని కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. "పాపా, హిందీ మే లిఖో నా."

అతనికి హిందీ మాట్లాడ్డమే వచ్చు, రాయడం రాదు. పిల్లకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఇన్నేళ్లూ ఫోన్లో కూడా వాయిస్ మెసేజీలే పెట్టాడు. నాలుగు అక్షరాలు దిద్దించాలని ఎప్పుడూ తోచలేదు. గొంతుంది కదా, అదెక్కడికి పోతుందనుకున్నాడు.

హాసిని ఫోన్ కెమెరాతో చదివించబోయింది. మత్తులో గీసిన ఆ వంకర గీతలు ఫోనుకూ అంతుపట్టలేదు. చెన్నకేశవులు వేళ్లతో ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టి చూపాడు.

"భూఖ్ లగీ హై? నర్స్ మనా కర్ రహీ హై, పాపా." తండ్రికి ఆకలనుకుని, నర్సు వద్దంటోందని చెప్పింది.

కాదని తల ఊపి, వేలు ఆమెవైపు చూపాడు.

"మై ఖిలావూఁ? అభీ నహీ!" తినిపించమంటున్నాడనుకుంది పిల్ల.

నాకు కాదే పిచ్చిదానా, నీకు! గొంతుదాకా వచ్చిన మాటను మింగితే లోపల భగ్గుమంది. గోడవైపు తిరిగి ఏడ్చాడు. నొప్పేమోనని హాసిని నర్సు కోసం పరిగెత్తింది.

ఫలితం చెడ్డదే వచ్చింది. స్వరపేటిక తీసేయాలి, ఆలస్యం చేయొద్దు. తర్వాత మాట రావడానికి ఏవో పరికరాలున్నాయి గానీ ఈ గొంతు మాత్రం రాదు. ఆపరేషన్ దాకా మాట్లాడుకోవచ్చన్నాడు డాక్టరు, పెద్ద దయ చూపిస్తున్నట్టు.

డాక్టరు గది బయట ఇనప కుర్చీలో ఉష దుపట్టాలో ముఖం దాచుకుంది. హాసిని ఫోన్లో రికార్డింగ్ నొక్కి తండ్రి ఒళ్లో పెట్టింది.

"బోలో పాపా. కుఛ్ భీ." ఏదో ఒకటి మాట్లాడమంది.

బతుకంతా అరిచిన మనిషి ఆ ఫోనును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఉస్ దిన్ కాగజ్ పే క్యా లిఖా థా?" అని హాసినే అడిగింది, ఆ రోజు చీటీ మీద రాసిందేమిటని.

గాలి ఎక్కువ, మాట తక్కువగా వచ్చింది. "తింటివా మ్మా... అని."

హాసిని తల వంచుకుంది. బుద్ధి తెలిశాక మొదటిసారి, తండ్రికి తెలుగులో జవాబిచ్చింది.

"తినలే, నాన్నా."

"ఏమిటికి తినలే? లెయ్ మ్మా, పోదాం" అన్నాడు చెన్నకేశవులు. 'పోదాం' దగ్గర గొంతు పగిలి, సగం మాట గాలిలో పోయింది. మిగతా సగం ఫోన్లో పడింది.