అవ్వ చేతులకు పోలిక

గంగారంలో ఆడపిల్లలు ఉండి చదువుకునే బడిలో ప్రియదర్శిని పదకొండేళ్లుగా తెలుగు చెబుతోంది. ఉపమాలంకారానికి ఆమె ఇచ్చే ఉదాహరణ ఒక్కటే: చంద్రుడిలాంటి ముఖం. ఈసారి బతుకమ్మ సెలవుల ముందు, పండుగ మీద సొంతంగా ఒక పోలిక రాయమని ఆరో తరగతికి చెప్పింది. ముప్పై మంది బతుకమ్మను చంద్రుడితోనే పోల్చారు. అందరికీ మార్కులు పడ్డాయి. సౌందర్య ఒక్కతే తన తల్లి గురించి "మా అవ్వ చేతులు బతుకమ్మ లెక్క ఉంటయి" అని రాసింది.

"చేతులు బతుకమ్మ లెక్క ఎట్లుంటయే?" అంటూ ప్రియదర్శిని దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

మర్నాడు పిల్లలను ఇళ్లకు తీసుకుపోవడానికి తల్లులు వచ్చారు. వేలిముద్ర వేయమని ప్రియదర్శిని సౌందర్య తల్లి ముందుకు రిజిస్టరు జరిపింది. ఆమె చేతులు చాపింది. వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా గులాబీ, పచ్చ, నీలం వరసలు వరసలుగా ఎక్కి ఉన్నాయి.

"ఏమనుకోకుండ్రి మేడం. బతుకమ్మ పేర్చనీకి గునుగు పూలకు రంగులద్దిన. ఎన్నిసార్లు కడిగినా పోతలేదు."

ప్రియదర్శిని కాసేపు ఆ చేతులనే చూసింది. తర్వాత సౌందర్య వైపు తిరిగి, "జర నీ నోటుబుక్కు ఇయ్యవే" అంది.

సౌందర్య సంచి విప్పలేదు.

"ఎర్ర గీత గూడ పోదు మేడం," అంది.