చెల్లె నోటిదాకా వచ్చిన బిస్కెట్టు

ఈ పొద్దున అలవాటుగా దువ్వెన పట్టుకుని వెళ్లేసరికి మా చెల్లె అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ తల వెనక్కి ఎత్తి, తన జడ తానే అల్లుకుంటోంది. ఎడమచెయ్యి కాస్త పొట్టి, లేచేటప్పుడు మోచెయ్యి పక్కకు పోతుంది, కానీ లేచింది. నేను గడపలోనే ఆగిపోయాను.

కష్టమైన కాన్పులో దాని మెడ దగ్గరి నరాలు దెబ్బతిని, ఆ చెయ్యి తడిగుడ్డలా వేలాడేది. మా ఊరు ఎల్లారెడ్డిలో నానమ్మ నువ్వుల నూనెతో రుద్దింది, తాయెత్తు కట్టింది. చివరికి, పిల్లల చేతులూ నరాలూ బాగుచేసే డాక్టరమ్మ నెలకోసారి హైదరాబాద్ నుంచి కామారెడ్డికి వస్తుందని విని బస్సెక్కాం. నాకప్పుడు ఎనిమిదేళ్లు, చెల్లెకు ఎనిమిది నెలలు.

ఆమె ఏ యంత్రమూ తీయలేదు. చెల్లె ఎడమచేతిలో ఒక బిస్కెట్టు పెట్టి, అది నోటిదాకా పోతుందా అని చూసింది. పోలేదు. వచ్చే నెలా పోకపోతే ఆపరేషన్ చేయాలనీ, మరీ ఆలస్యమైతే కండ ఎండిపోయి చెయ్యి ఇక లేవదనీ చెప్పింది.

పసిపిల్ల మెడ కోస్తారన్న భయంతో నానమ్మా నేనూ ఆ నెలంతా చెల్లెకు తల వంచి బిస్కెట్టు అందుకోవడం నేర్పాం. కొరికినప్పుడల్లా చప్పట్లు కొట్టాం.

మళ్లీ వెళ్లినప్పుడు అది టక్కున వంగి కొరికింది. "సూడుండ్రి డాక్టరమ్మా, మంచిగ తింటున్నది గద! ఇగ కోసుడు గిట్ల ఏమొద్దు," అంది నానమ్మ.

డాక్టరమ్మ రెండు వేళ్లు చెల్లె గడ్డం కింద ఆనించి తల నిలిపింది. బిస్కెట్టు ఒడిలోనే ఉండిపోయింది. చెల్లె దాన్ని చూసి ఏడ్చింది.

"అవ్వా, మెడకు మస్తు నేర్పినవ్. నాకు చెయ్యి గావాలె," అందామె నవ్వుతూనే.

నేర్పింది నేను కూడా. ఆ సంగతి ఇంటికొచ్చి బడి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. నా మొదటి డైరీ అదే.

హైదరాబాద్‌లో ఆమె చెల్లె కాలిపిక్కలోంచి నరం తీసి, పెద్ద భూతద్దంలో చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని దారంతో మెడ దగ్గర అతికించిందట. కాలి నరం చేతికి దారి చూపుతుందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. నరం గోరు పెరిగినట్టు మెల్లగా పెరుగుతుంది, ఓపిక పట్టమంది డాక్టరమ్మ. నెలల తరబడి, కంటికి కనిపించనిదాని కోసం ఎదురుచూశాం. ఒక మధ్యాహ్నం నానమ్మ ఒడిలో కూర్చున్న చెల్లె చేతిలోని బిస్కెట్టు వణుకుతూ వణుకుతూ లేచింది. అంతే, నానమ్మ గబుక్కున దాని తల కదలకుండా పట్టుకుంది. బిస్కెట్టు నోటికి అందింది. ఆ పూట నానమ్మ చప్పట్లు కొట్టలేదు. కొంగుతో మొహం కప్పుకుంది.

అయినా చెయ్యి తల వెనక్కి పోవడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ దాని జడలు అల్లే పని నాదే. బడి కబుర్లన్నీ నా మోకాళ్ల మధ్య కూర్చునే చెప్పేది. ఈ జడ చూడడానికి ఇప్పుడు నానమ్మ లేదు.

"ఏందక్కా, గట్ల సూస్తున్నవ్?" అంది చెల్లె అద్దంలోంచి.

ఏం లేదన్నాను. ఇంతకాలం ఏ రోజు కోసం కాచుకున్నామో అది వచ్చింది. దువ్వెన మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.