మీటర్‌ను మొగులు దిక్కు తిప్పిన లింగన్న

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా మానుకోట నుంచి ఫోన్ వచ్చింది.

ఈ వయసులో పొద్దున్నే ఫోన్ మోగితే ఎత్తకముందే భయం.

"లింగన్న పోయిండే" అన్నారు అటునుంచి.

అన్నం తిని పడుకున్నాడట. మళ్లీ లేవలేదట.

టీ చల్లారిపోయింది. 

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మా రాజలింగం అందరికీ లింగన్న. తొర్రూరు కిరాణా వ్యాపారుల ఇంట్లో పుట్టి, తరాజు వదిలేసి, మానుకోట రైల్వే స్టేషన్ దగ్గర ఫోటో స్టూడియో పెట్టాడు.

మెడలో కెమెరాతో పాటు ఒక లైట్ మీటర్ వేలాడేది. అరచేతిలో ఇమిడిపోయేది. బ్యాటరీ లేదు. వెలుతురు తగిలితే లోపల ముల్లు లేచేది. ఆ ముల్లు చెప్పినట్టు కెమెరా సెట్ చేస్తే మొఖం పాలిపోదు, మాడిపోదు.

లింగన్న ఎప్పుడూ దాన్ని మనిషి మొఖం దగ్గరికి తీసుకెళ్లి కొలిచేవాడు. చుట్టూ ఎంత ఎండ ఉన్నా ఆయనకు మొఖమే లెక్క.

దంతాలపల్లిలో ఒక పెళ్లిలో, పెళ్లికూతురి నాయనమ్మ ఆ మీటర్‌ను టీకా సూది అనుకుని చెయ్యి కొంగులో దాచేసుకుంది.

"సూది గాదవ్వా, ఎలుగు కొలుస్తున్న."

"ఎలుగును కొలుసుడేంది నాయినా. మాకు కండ్లు లేవా?"

ఆ మాట చెప్పుకుని ఏళ్ల తరబడి నవ్వుకున్నాం.

ఇక నవ్వు రాని సంగతి.

పందొమ్మిది వందల అరవై తొమ్మిది. జై తెలంగాణ అంటూ ఊళ్లన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. ఒక సాయంత్రం మేము స్టూడెంట్లమంతా మానుకోట స్టేషన్ దగ్గర రైలు పట్టాల మీద కూర్చున్నాం. మా వెనకాల పొద్దు దిగుతోంది.

ట్రైనింగ్ అయిపోయి నాకు టీచర్ ఉద్యోగం ఆర్డర్ రావాల్సి ఉంది. పోలీసు కేసు పడితే అది రాదు. నాయిన లేడు. ఇంట్లో అవ్వ, చెల్లెళ్లు. అయినా వెళ్లి కూర్చున్నాను, వయసు అలాంటిది.

ఇంతలో పోలీసు జీపు వచ్చింది. అందులోంచి ఎస్సైతో పాటు లింగన్న దిగాడు.

"ఒక్కొక్కని మొఖం సాఫ్ గా రావాలె. రేపు పేర్లు రాయాలె" అన్నాడు ఎస్సై.

 నేను చివరన వంగి కూర్చున్నాను.

లింగన్న మీటర్ పట్టుకుని నా ముందుకే వచ్చాడు. ఎప్పటిలాగే మొఖం దగ్గర పెడతాడనుకున్నా. పెట్టలేదు. నా తల మీదుగా, వెనక మండుతున్న మొగులు దిక్కు, ఆకాశానికే ఎత్తాడు. ఆ లెక్కకే కెమెరా సెట్ చేసుకున్నాడు. ఫోటోలు తీశాడు. నా కళ్లలోకి చూడలేదు.

మరునాడు ఫోటోలతో మొఖాలు పోల్చడానికి ఊళ్లో స్టూడెంట్లందరినీ, మాతో సహా, ఠాణాకు పిలిచారు. బల్ల మీద ఫోటోలు పడేసి ఉన్నాయి.  అవ్వకు ఏం చెప్పాలన్నదే ఆలోచన.

ఎస్సై ఒక ఫోటో ఎత్తి, పక్కనే నిలబడ్డ లింగన్న మొఖం మీదికి విసిరాడు.

"ఫోటోనా ఇది, మసిగుడ్డనా? నిన్ను ఎవడు ఫోటోగ్రాఫర్ అన్నడు?"

ఆకాశం చక్కగా వచ్చింది. మేమందరం నల్లటి నీడలం. ఒక్క ముక్కు లేదు, ఒక్క కన్ను లేదు.

లింగన్న తల దించుకున్నాడు. "మీటర్ దగా జేసింది సార్."

మమ్మల్ని తిట్టి పంపేశారు. నా ఆర్డర్ వచ్చింది. ఆ జీతంతోనే మా ఇల్లు నిలబడింది.

పొద్దు వెనక ఉన్నప్పుడు ఆకాశాన్ని కొలిస్తే మొఖాలు చీకట్లో మునిగిపోతాయని ఆయనకు తెలుసు. నెగెటివ్ మీదే పడని మొఖాన్ని ఎవరూ కడిగి తీయలేరు.

లింగన్నకు ఫోటోలు రావన్న మాట ఊరంతా పాకింది. ఆ ఏడు పెళ్లిళ్లకు వేరేవాళ్లను పిలిచారు. 

తర్వాత ఎప్పుడో అడిగాను, భయం కాలేదా అన్నా అని.

"కాకేంది? మీటర్ల ముల్లు కంటే నా చెయ్యే ఎక్వ వణికింది. నీ మొఖం నాకు ఎర్కనే గదరా. ఆల్లకెందుకు?"

ఈ పోస్ట్‌తో పెట్టింది ఆ ఫోటోనే. ఎస్సై విసిరితే కింద పడ్డదాన్ని లింగన్న జేబులో పెట్టుకొచ్చాడు. ఎడమ చివర వంగి కూర్చున్న నీడను నేను.

ఆ నీడల్లో నేనెవరో చెప్పగలిగిన మనిషి నిన్న పోయాడు.

వెళ్లిరా లింగన్నా. ఎవరికీ తల దించే పని లేని చోట, చెయ్యి వణకకుండా, నిమ్మళంగా ఉండు.